క్లయింటు గారి భర్త

యుగంధర్ తన భార్యతో మాట్లాడుతూ పట్టుబడ్డాడు.

నేరం ఆదివారం ఉదయం కూకట్‌పల్లిలో, అతని సొంత ఫ్లాట్‌లో జరిగింది. పట్టిచ్చింది ప్రెషర్ కుక్కరు.

పెళ్ళయి పాతికేళ్ళు కావస్తున్న మనిషి భార్యతో మాట్లాడితే నేరమెలా అవుతుందని ఎవరైనా అడిగితే, వాళ్ళు ‘అనుభవ సంత’ వారి నియమావళి చదవలేదన్నమాట. దాన్ని ఎవరూ చదవరు. అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అని ఉన్నచోట నొక్కేస్తారు. యుగంధర్ నొక్కాడు. అతని భార్య హైమవతి కూడా నొక్కింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, వేరువేరు గదుల్లో, ఒకరికొకరు చెప్పకుండా నొక్కారు.

అనుభవ సంత ఇంటర్నెట్‌లో నడుస్తుంది. నలభై ఐదు దాటిన సాఫ్ట్‌వేర్ నిపుణులు అందులో తమ అనుభవాన్ని గంటల చొప్పున అమ్ముకుంటారు. వయసు మీరిందని కంపెనీలు సాగనంపిన వాళ్ళని, ఆ వయసే ముద్దు అంటూ మర్నాడు అమ్మకానికి పెట్టే చోటు అది. దాన్ని స్థాపించిన శ్రేయాన్ష్‌కి ఇరవై ఏడేళ్ళు. సీఈవో అంటే నొచ్చుకుంటాడు. కార్డు మీద ‘వ్యవస్థాపక సేవకుడు’ అని వేయించుకున్నాడు.

సంతలో పేర్లుండవు. పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే పక్షపాతం వస్తుందని శ్రేయాన్ష్ సిద్ధాంతం. అందుకని పని చేసేవాళ్ళకి రత్నాల పేర్లు, చేయించుకునేవాళ్ళకి పూల పేర్లు. ముఖాలు కనబడవు. మాట్లాడుకునేటప్పుడు గొంతులు కూడా మార్చేస్తారు. ఆడా మగా అందరికీ ఒకటే గొంతు; రైల్వే స్టేషన్లో బండి ఆలస్యంగా నడుస్తున్నందుకు చింతించే గొంతు.

యుగంధర్‌కి గోమేధికం అని పేరొచ్చింది. బ్యాంకుల డేటాబేసుల్లో జుట్టు నెరిసినవాడు. పాత కంపెనీ సాగనంపి పది నెలలైంది. సంతలో మొదటి పని మచ్చ లేకుండా చేస్తేనే రెండోది వస్తుంది. మచ్చ పడిందా, రత్నం రాయైపోతుంది. ఆ మొదటి పని కోసమే అతను రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బాల్కనీలో కూర్చుంటున్నాడు.

హైమవతిది ఇంకో చిక్కు. మూసాపేటలో ఆమెకి చిన్న రక్తపరీక్షల ల్యాబు ఉంది. అక్కడి ప్రోగ్రాము ఎవరి రిపోర్టు ఎవరిదో ఫోను నంబరును బట్టి గుర్తుపడుతుంది. మన ఇళ్ళల్లో ఐదుగురికి కలిపి ఒకటే నంబరు చెబుతారన్న సంగతి దాన్ని రాసినవాడికి తెలియదు. దాంతో అత్తగారి షుగరు కోడలికి, కోడలి రక్తహీనత మామగారికి వెళ్ళిపోతున్నాయి.

"మేడమ్, ఆ మూడో లైను ముసలామె మల్లొచ్చింది," అంది ఒకరోజు రిసెప్షన్లో ఉండే స్వరూప. "షుగర్ లేదని మనం రిపోర్టిచ్చినమంట. ఇగ సంబరం పట్టలేక నిన్నంతా జిలేబీలు తిన్నదంట. ఇప్పుడు కండ్లు తిరుగుతున్నయ్, మీ సంగతి చూస్తనంటుంది."

ఇంకొక్కసారి తారుమారైతే పేషెంట్లని పంపనని పక్క వీధి నర్సింగ్‌హోమ్ డాక్టరు తెగేసి చెప్పాడు. వాళ్ళు పంపకపోతే ల్యాబుకి తాళమే.

"ఏమండీ, ఆ ప్రోగ్రాము కాస్త చూడరూ?" అని హైమవతి రెండేళ్ళుగా అడుగుతోంది.

"చిన్న పనేలే, చూస్తాను," అని యుగంధర్ రెండేళ్ళుగా అంటున్నాడు.

అది నిజంగానే చిన్న పని. అందుకే అతను చూడలేదు. చివరికి ఆమె విసిగిపోయి సంతలో చేరి, మందారం అన్న పేరుతో తన గోడు రాసి పెట్టింది. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది.

‘మందారం గారూ, మీ సమస్య రెండుసార్లు చదివాను. నమ్మకం మీద నడిచే వృత్తిలో ఇలాంటి పొరపాటు మీ మనసుని ఎంత బాధపెడుతోందో ఊహించగలను. ఏ వేళ ఏ సందేహం వచ్చినా మొహమాటపడకుండా అడగండి. మీ గోమేధికం.’

హైమవతి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకుంది. తన మనసు గురించి ఊహించగల మగవాడిని ఆమె అంతవరకు ఎరగదు. ఆ మగవాడు గోడకి అవతల బాల్కనీలో కూర్చుని, ఆ సమస్యని జీవితంలో మొదటిసారి విన్నవాడిలా నోట్సు రాసుకుంటున్నాడు. ఇంట్లో ఆమె దాన్ని చెప్పిన ప్రతిసారీ అతను ‘ఊఁ’ కొట్టాడు తప్ప వినలేదు.

ఆ వారమంతా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు కాస్త ఘాటుగా నడిచాయి.

"నాకో పనిమంతుడు దొరికాడు లెండి," అంది హైమవతి, చారు వడ్డిస్తూ. "అడగ్గానే జవాబు. ఎంత ఓపికో! ఆయన్ని కట్టుకున్న మహాతల్లి ఏ నోము నోచిందో."

"నాకూ ఒక క్లయింటు దొరికారు," అన్నాడు యుగంధర్. "వివరాలు పెళ్ళానిక్కూడా చెప్పకూడదని నియమంలే. ఎంత మర్యాదస్తులో! కావలసింది ఒక్కసారి చెబుతారు. పక్క ఫ్లాటుకి వినబడేలా అరవరు. కొంతమంది నేర్చుకోవాలి."

"కొంతమందికి ఒక్కసారి చెబితే వినబడదు మరి."

తరువాత ఆదివారం వచ్చింది.

మందారం, గోమేధికం మొదటిసారి మాటల్లో కలుసుకునే రోజు. హైమవతి పడగ్గదిలో తలుపు వేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. యుగంధర్ బాల్కనీలో పెట్టుకున్నాడు. రైల్వే గొంతు రైల్వే గొంతుకి నమస్కారం చెప్పింది. మాటలు సాఫీగా సాగుతుండగా కుక్కరు కూసింది. ఇద్దరికీ అది రెండుసార్లు వినబడింది, ఒకసారి ఇంట్లోంచి, ఒకసారి చెవుల్లోంచి.

"క్షమించండి, మా కుక్కరు," అంది రైల్వే గొంతు.

"పరవాలేదండీ. విచిత్రం, మా కుక్కరు కూడా ఇదే వేళకి," అంది ఇంకో రైల్వే గొంతు.

కుక్కరు మళ్ళీ కూసింది. హైమవతి హెడ్‌ఫోన్లు తీయకుండానే తలుపు వైపు తిరిగి కేక పెట్టింది. "ఏమండీ! ఆ స్టవ్ కట్టెయ్యండి!"

యుగంధర్ చెవిలో రైల్వే గొంతు గంభీరంగా ప్రకటించింది: "ఏమండీ. ఆ స్టవ్ కట్టెయ్యండి."

అతను పాతికేళ్ళ అలవాటు కొద్దీ లేచి వెళ్ళి కట్టేశాడు. ఇంట్లో కూతతో పాటు హైమవతి చెవుల్లో కూత కూడా ఆగిపోయింది. ఆమె పరుగున వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, తలకి హెడ్‌ఫోన్లతో, చేతిలో మసిగుడ్డతో గోమేధికం నిలబడి ఉంది.

"మీరా!" అంది హైమవతి.

"నువ్వా!" అన్నాడు యుగంధర్.

పెళ్ళిచూపుల్లో కూడా వాళ్ళు ఒకరినొకరు చూసి ఇంత నిరాశపడలేదు.

"‘మీ మనసుని ఎంత బాధపెడుతోందో ఊహించగలను.’ అది రాసింది ఈ చేతులేనా?"

"అంటే... క్లయింటు కదా."

"మరి నేను?"

"నువ్వు ఇంట్లో మనిషివి."

ఆమె ఏమనేదో తెలియదు. ఈలోగా ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. హెడ్‌ఫోన్లు తీయలేదు కాబట్టి సంత అంతా వింది. తెరమీద ఎర్ర అక్షరాలు: ‘వేదికేతర సంపర్కం గుర్తించబడినది. కదలకుండా సహకరించగలరు.’

మధ్యాహ్నానికి గుమ్మంలో తెల్ల పంచె, ముదురు నీలం కోటు వేసుకున్న పెద్దమనిషి నిలబడ్డాడు. మెడలో సంత వారి గుర్తింపు కార్డు వేలాడుతోంది.

"పరాంకుశం. సంబంధాల శుద్ధి అధికారిని," అన్నాడు. "బీమా కంపెనీలో ముప్పయ్యేళ్ళు క్లెయిములు తిరస్కరించిన అనుభవం. ఇందులో క్లయింటెవరు, నిపుణుడెవరు? దయచేసి విడివిడిగా నిలబడండి."

"మేమిద్దరం మొగుడూపెళ్ళాలమండీ," అంది హైమవతి.

"నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఇందులో నేరమేముందండీ?"

పరాంకుశం సోఫాలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సంతలో పరిచయమైన క్లయింటు, నిపుణుడు సంత బయట కలవకూడదు, మాట్లాడకూడదు, సైగ చేసుకోకూడదు. కలిస్తే సంతని తప్పించి సొంతంగా వ్యాపారం పెట్టుకుంటారు. మీరు ఏకంగా కాపురమే పెట్టారు."

"కాపురం ముందు పెట్టామండీ! సంత తర్వాత వచ్చింది," అన్నాడు యుగంధర్.

"పూర్వపరిచయం ఉంటే ఒప్పందానికి ముందే ప్రకటించాలి."

"పేర్లు, ముఖాలు దాచిపెడితే అవతలివాళ్ళు తెలిసినవాళ్ళని ఎలా ప్రకటిస్తాం?"

"అందుకేనండీ, ఇంతవరకు ఎవరూ ప్రకటించలేదు," అన్నాడు పరాంకుశం తృప్తిగా. "నియమం చక్కగా పనిచేస్తోందనడానికి అదే నిదర్శనం."

మర్నాడు మాదాపూర్‌లోని సంత కార్యాలయంలో విచారణ. అక్కడ కుర్చీలు లేవు. అందరూ మెత్తని గింజల సంచుల్లో కూరుకుని కూర్చున్నారు. యాభై దాటిన ముద్దాయిలు అందులోంచి సొంతంగా లేవలేరు కాబట్టి విచారణ మధ్యలో వెళ్ళిపోయే సమస్య లేదు.

"అంకు... క్షమించాలి, అనుభవ రత్నం గారూ," అన్నాడు శ్రేయాన్ష్ చేతులు జోడించి. "మేము పెళ్ళికి వ్యతిరేకం కాదు. పెళ్ళి ఒక పాత సిస్టమ్. చాలామంది ఇప్పటికీ వాడుతున్నారు. గౌరవిస్తాం. కాని మా వేదికతో దానికి అనుసంధానం లేదు."

"అయితే ఒప్పందం రద్దు చేసెయ్యండి," అంది హైమవతి.

"చేస్తాం మేడమ్. అప్పుడు ఆయన ఇంతవరకు రాసిన ప్రోగ్రాము సంతకి చెందుతుంది. మీ ల్యాబు పని ఈ సాయంత్రమే ఆగిపోతుంది. ఆయన ప్రొఫైల్ మీద మచ్చ శాశ్వతంగా ఉంటుంది."

హైమవతికి మూడో లైను ముసలామె కళ్ళముందు మెదిలింది. యుగంధర్‌కి బాల్కనీలో ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న పది నెలలు మెదిలాయి.

"ఇంకో మార్గం ఉంది," అన్నాడు పరాంకుశం. "హస్తగత రుసుము. నిపుణుణ్ణి క్లయింటు సంత నుంచి సొంతం చేసుకోవచ్చు. ఆయన చివరి ఉద్యోగంలో ఏడాదికి తెచ్చుకున్న జీతం ఎంతో అంత చెల్లించాలి."

హైమవతి భర్త వైపు ఎగాదిగా చూసింది. "ఈయనకా? అంతా?"

"చూశారా, మార్కెట్ నిజాయితీ," అన్నాడు శ్రేయాన్ష్ ముచ్చటపడి. "ఇంక మూడో మార్గం. పని సాగినంతకాలం మీరు వేదిక ద్వారా ఎంతైనా మాట్లాడుకోవచ్చు. పర్యవేక్షకుడు ఇంట్లో ఉంటారు. పని పూర్తయిన రోజు నుంచి మాత్రం శీతలీకరణ కాలం. రెండేళ్ళు ఎలాంటి సంపర్కమూ ఉండకూడదు."

"ఎలాంటిదీ అంటే?" అడిగాడు యుగంధర్.

పరాంకుశం చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నియమావళిలో మినహాయింపులేవీ కనబడలేదండీ."

వాళ్ళు మూడో మార్గమే ఒప్పుకున్నారు. ముందు పని నడవనీ, పూర్తయినప్పుడు చూసుకోవచ్చనుకున్నారు.

పరాంకుశం పెట్టె, పరుపుచుట్టతో హాల్లో దిగాడు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే ఫోన్లో రాసుకోవాలి. పరాంకుశంతో మాట్లాడితే మాత్రం తప్పు లేదు. అలిగినప్పుడు మూడో మనిషి ద్వారా మాట్లాడుకోవడం తెలుగు ఇళ్ళల్లో కొత్తేమీ కాదు కాబట్టి వాళ్ళకి అలవాటు పడటానికి పెద్దగా సమయం పట్టలేదు.

"పరాంకుశం గారూ, ఎవరికైనా కాఫీ కావాలేమో కనుక్కోండి."

"కావాలంటున్నారండీ."

"పంచదార తగ్గించమని డాక్టరు చెప్పాడని కూడా చెప్పండి."

"పరాంకుశం గారూ, ఎవరి డాక్టరో, ఎవరి రిపోర్టో ముందు తేల్చుకోమనండి," అన్నాడు యుగంధర్.

ఒక్క మాట దగ్గర మాత్రం చిక్కొచ్చింది. హైమవతి నోట రోజుకి ఎన్నోసార్లు ‘ఏమండీ’ అన్న పిలుపు దానంతటదే వచ్చేస్తోంది. పరాంకుశం ఈ విషయమై కేంద్ర కార్యాలయానికి రాశాడు. ‘ఏమండీ అనునది పేరు కాదు, ఆజ్ఞ కాదు, ప్రశ్న కూడా కాదు. అయినను అది వినగానే నిపుణుడు లేచి నిలబడుచున్నాడు. కావున దీనిని సంకేతముగా పరిగణించవలెనా?’ పరిగణించవలెనని జవాబొచ్చింది. అప్పటినుంచి హైమవతి పరాంకుశాన్నే ‘ఏమండీ’ అని పిలవసాగింది. ఇద్దరు మగవాళ్ళూ లేచి నిలబడేవాళ్ళు.

ఈ లోపల ఒక అద్భుతం జరిగింది. పని జరిగింది.

ఇంట్లో మనిషి రెండేళ్ళు చెప్పినా కానిది, క్లయింటు రాసేసరికి చకచకా నడిచింది. యుగంధర్ ప్రతి పేషెంటుకీ సొంత గుర్తు ఇచ్చాడు. ఒకే ఫోను నంబరు మీద ఎంతమంది ఉన్నా పేరు, వయసు అడిగి విడదీసేలా రాశాడు. అనుమానం వస్తే రిపోర్టు ఆపేసి స్వరూపని పిలిచేలా చేశాడు. నర్సింగ్‌హోమ్ డాక్టరు వరసగా రిపోర్టులు చూసి, కోపం తెచ్చుకోవడానికి కారణం దొరక్క టీ తాగి వెళ్ళిపోయాడు.

"మేడమ్, ఆ ముసలామెది ఆమెకే పోయింది, కోడలిది కోడలికే పోయింది," అని స్వరూప ఫోన్లో చెబుతుంటే హైమవతి కళ్ళు చెమర్చాయి. గబగబా గోమేధికానికి రాసింది: ‘మీ మేలు మరచిపోలేను.’ అవతలి గదిలోంచి జవాబొచ్చింది: ‘మీలాంటి క్లయింటు దొరకడం నా అదృష్టం.’ పరాంకుశం ఆ సందేశాల కింద ‘వృత్తిపరము, అభ్యంతరము లేదు’ అని వ్యాఖ్య పెట్టాడు.

రుచి మరిగిన హైమవతి వంటింటి సింకు కింద కారుతున్న గొట్టం గురించి కూడా సంతలో చిల్లర పనిగా పెట్టింది. సంత ఒప్పందం కాబట్టి పోటీ తప్పదు. విశాఖపట్నం నుంచి పుష్యరాగం అనే ఆయన, సర్వర్లు చల్లబరచడంలో తనకు అపార అనుభవం ఉందనీ, నీరు ఎక్కడున్నా నీరేననీ దరఖాస్తు పెట్టాడు. యుగంధర్ ఆ రాత్రి కూర్చుని తన దరఖాస్తు తిరగరాశాడు. తెల్లారేసరికి గొట్టం బాగుపడింది.

ఈ వార్త విని శ్రేయాన్ష్ ‘గృహ విభాగం’ ప్రారంభించాడు. కొన్ని వారాల్లో నగరంలో వేలమంది ఇల్లాళ్ళు పూలయ్యారు. ఫ్యాను తుడవడానికి, కరెంటు ఆఫీసుకి వెళ్ళడానికి, అమ్మ ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడటానికి ప్రకటనలు వెల్లువెత్తాయి. చాలా ఇళ్ళల్లో మొదటిసారి పనులు జరిగాయి. చాలా ఇళ్ళల్లో పరాంకుశాలు దిగారు. పరుపుచుట్టలకి గిరాకీ పెరిగింది.

కాని యుగంధర్ ఇంట్లో అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. ల్యాబు పని అయిపోయింది. సంత లెక్కలో చిల్లర పనులు పనులు కావు; శీతలీకరణ అసలు ఒప్పందంతోనే మొదలవుతుంది. ‘పని పూర్తయినది’ అన్న ఆకుపచ్చ మీట హైమవతి తెరమీద వెలుగుతోంది. అది నొక్కితే యుగంధర్‌కి మచ్చ లేని పేరు వస్తుంది, ల్యాబు ఆమెదవుతుంది. మరుక్షణం ఇద్దరిలో ఒకరు ఇల్లు వదలాలి. రెండేళ్ళు.

"నొక్కను," అంది హైమవతి, పరాంకుశంతో. "నొక్కకపోతే ఏం చేస్తారో కనుక్కోండి."

కనుక్కున్నాడు. "క్లయింటు రెండు వారాలు మౌనంగా ఉంటే తృప్తి చెందినట్టు భావించి, మీట దానంతటదే నొక్కుకుంటుందండీ."

"నేను రెండు వారాలు మౌనంగా ఉంటే తృప్తా? అదేమిటో ఈయన్నడగండి, చెబుతారు."

"కాని మీరు పనిలో ఏదైనా లోపం ఎత్తిచూపితే మళ్ళీ రెండు వారాలు గడువు వస్తుంది. లోపం నిజమైనదై ఉండాలి. చెప్పిందే మళ్ళీ చెప్పకూడదు."

అలా ఒక మనిషి కాపురం, అతని భార్య అతని పనిలో క్రమం తప్పకుండా తప్పులు పట్టడం మీద ఆధారపడింది. తప్పులు పట్టడంలో హైమవతికి ఉన్న సామర్థ్యాన్ని యుగంధర్ ఏనాడూ శంకించలేదు. మొదట్లో ఆమె నిరాశపరచలేదు కూడా. అక్షరాలు చిన్నగా ఉన్నాయంది, పెద్దవయ్యాయి. తారీఖు పక్కన ఉండాలంది, జరిగింది. ప్రింటరు మూలుగుతోందంది. అది ప్రోగ్రాము తప్పు కాదని పరాంకుశం తిరస్కరించబోయి, ఆగి, కళ్ళజోడు తుడుచుకుని ఆమోదించాడు. ముప్పయ్యేళ్ళ వృత్తిలో ఆయన ఆమోదించిన మొదటి క్లెయిము అది. ఒప్పందం ముగిస్తే ఆయన పరుపు చుట్టుకుని ఏ అమీర్‌పేటలోనో ఒంటి గదికి పోవాలి. హైమవతి గుత్తివంకాయ కూరని ఆయన నివేదికల్లో ‘క్షేత్రస్థాయి సౌకర్యము’ అని పేర్కొంటున్నాడు.

సంవత్సరం తిరగకుండానే ఆపద ముంచుకొచ్చింది. తప్పులన్నీ దిద్దీ దిద్దీ ప్రోగ్రాము పరమ శుద్ధమైపోయింది.

గడువు ఆ సాయంత్రం ఐదింటికి. నాలుగు దాటినా హైమవతికి ఒక్క లోపం దొరకలేదు. ల్యాబుని స్వరూపకి అప్పగించి తొందరగా ఇంటికి వచ్చి, కట్టల కొద్దీ రిపోర్టులు ముందేసుకుని వెతుకుతోంది. పరాంకుశం భూతద్దంతో వెతుకుతున్నాడు.

"మేడమ్, ఎంత దేవులాడినా ఏం దొర్కుతలేదు," అంది స్వరూప ఫోన్లో. "సారుని మల్ల ఒకసారి చెడగొట్టమనుండ్రి."

హైమవతి తలెత్తింది. "పరాంకుశం గారూ, ఆయన్ని ఒక తప్పు పెట్టమని చెప్పండి. చిన్నది. పేషెంట్లకి ఏ ఇబ్బందీ రానిది."

యుగంధర్ ముఖం ఎర్రబడింది. "తప్పా? నా ప్రోగ్రాములోనా? కావాలని? పరాంకుశం గారూ, నేను బ్యాంకుల లెక్కలు చూసినవాణ్ణని చెప్పండి. తెలిసి తెలిసి పాడు చెయ్యడం నా చేతకాదని చెప్పండి."

"తెలియకుండా అయితే ఎన్నైనా చేశారని చెప్పండి."

"నా పేరు మీద ఉన్నది అదొక్కటే మంచి పని అని చెప్పండి!"

"పేరుతో కాపురం చేసుకోమని చెప్పండి!"

"ఒకరి తరువాత ఒకరు చెప్పండి," అని వేడుకున్నాడు పరాంకుశం. "నాలుగుంబావు అయింది."

యుగంధర్ బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. హైమవతి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. పరాంకుశం వైపు చూడలేదు. ఫోను తీయలేదు. నియమం మరచిపోయిందో, మరచిపోదలచుకుందో, నేరుగా అతనితోనే అంది.

"ఏమండీ. ఇన్నేళ్ళలో నేనడక్కుండానే లక్ష తప్పులు చేశారు. అడిగితే ఒక్కటి చెయ్యలేరా?"

పరాంకుశం గబుక్కున గోడ వైపు తిరిగి క్యాలెండరులో తిథి చూడటం మొదలుపెట్టాడు. తిథి చూడటానికి చాలాసేపు పట్టింది.

యుగంధర్ లేచి నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ తెరిచాడు. ఒక వరుస చెరిపాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు. దేవుడి గదిలో చెప్పులతో అడుగుపెట్టబోతున్నవాడిలా ఉన్నాడు. నాలుగూ యాభై దాటాక కళ్ళు మూసుకుని ల్యాప్‌టాప్ మీట నొక్కాడు. హైమవతి ఇంట్లో ఉన్న ప్రింటరు మీద ఒక రిపోర్టు తీసింది. రిపోర్టు నిక్షేపంగా వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం వచ్చింది, తెల్లగా, ఖాళీగా, దేనికీ పనికిరాకుండా.

"అబ్బ," అంది హైమవతి, ఆ కాగితాన్ని గుండెకి అదుముకుని. "ఎంత ఘోరమైన తప్పు!"

‘ప్రతి రిపోర్టు వెనకా ఖాళీ కాగితం వస్తోంది. మాకు చాలా అసౌకర్యంగా ఉంది,’ అని ఆమె ఐదుకి రెండు నిమిషాల ముందు ఫిర్యాదు పెట్టింది. ఆకుపచ్చ మీట ఆరిపోయింది. గోమేధికం నుంచి జవాబొచ్చింది: ‘మీకు కలిగిన బాధని ఊహించగలను. లోతుగా పరిశీలించాలి. ఎంతకాలం పడుతుందో చెప్పలేను.’

సంత అంత సులభంగా వదలదు. ఆమె తెరమీద కొత్త ప్రశ్న తేలింది. ‘ఇన్ని లోపాల తర్వాత కూడా ఈ నిపుణుడితో మళ్ళీ పని చేయడానికి ఇష్టపడతారా?’ కింద మూడు గళ్ళున్నాయి: అవును, కాదు, తర్వాత చెబుతాను.

హైమవతి వేలు మొదటి గడి మీదికి వెళ్ళింది. యుగంధర్ ఊపిరి బిగబట్టి ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు. అతని ముఖంలో అప్పుడే గెలిచినవాడి కళ కొద్దిగా కనబడేసరికి ఆమె వేలు ఆగింది. మెల్లగా కిందికి జరిగి, మూడో గడి నొక్కింది.

పరాంకుశం క్యాలెండరు దగ్గరనుంచి తిరిగి వచ్చి, పెన్ను మూత తీశాడు.

"నిర్ణయం వాయిదా పడినట్టు నమోదు చేసుకుంటున్నాను," అన్నాడు. "రాత్రికి వంకాయేనా?"